కశ్మీరు చెక్కడం, మైసూరు పొదుగుపని
కశ్మీరు పనివాడు అక్రోటు చెక్కను తొలిచి బొమ్మను పైకి తెస్తే, మైసూరు పనివాడు రోజ్‌వుడ్‌లో గుంట తవ్వి వేరే రంగుల చెక్క ముక్కలను అందులో పొదుగుతాడు. చినార్ అనే చెట్టు ఆకు అడుగుభాగాన్ని కూడా ఉలితో తొలిచి, అది బల్ల మీద నుంచి లేచి నిలిచినట్లు చూపే కశ్మీరు చెక్కడమే నా దృష్టిలో ఎక్కువ కష్టమైనది, ఎందుకంటే ఉలి జారి అంచు విరిగితే దానిని దాచడానికి రంగు పూత ఉండదు. చెక్క చారలు కనబడేలా మెరుగు మాత్రమే పెడతారు. మైసూరు పనిలో పరీక్ష అంతా అతుకు దగ్గరే, ముక్క వెంట్రుకవాసి సందు లేకుండా గుంటలో కూర్చోవాలి. ఒకప్పుడు ఏనుగు దంతం పొదిగిన చోట ఇప్పుడు ప్లాస్టిక్ కూడా వాడుతున్నారు. ఆ తెలుపు కాస్త వెలవెలబోతుందనే చెప్పాలి. రోజూ తుడుచుకోవడానికి నునుపైన మైసూరు బల్లే సుఖం, కశ్మీరు ఆకుల సందుల్లో దుమ్ము పేరుకుంటుంది. అయినా నేను కశ్మీరు బల్లనే ఎంచుకుంటాను.