వాల్‌బ్రో 255 ఫ్యూయల్ పంపు: వైరు మార్చాకే దాని సత్తా తెలిసింది

నాది రెండు లీటర్ల టర్బో ఇంజిన్. కంపెనీ ఇచ్చిన బూస్ట్ మీద ఏళ్ల తరబడి ఏ పేచీ లేకుండా నడిచింది. బూస్ట్‌ని, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని, ఒక బార్‌కి పెంచి, 300 హార్స్‌పవర్ రాబట్టాలనుకున్నాక పాత ఫ్యూయల్ పంపు చేతులెత్తేసింది. నాలుగో గేర్‌లో 5500 ఆర్‌పీఎం దాటగానే, 11.8 దగ్గర ఉండాల్సిన ఎయిర్-ఫ్యూయల్ రేషియో (పెట్రోలుకి ఎన్ని రెట్ల గాలి కలుస్తోందో చెప్పే అంకె) 13 దాటి పైకి పోవడం, దాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ గేజిలో కనిపించింది. వెంటనే కాలు తీసేశాను. బూస్ట్‌లో ఉండగా మిక్చర్ అలా పలచబడితే (పెట్రోలు తగ్గితే) నాకింగ్, అంటే సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది, ఆ వేడికి పిస్టన్ కరిగిపోవచ్చు. మా బావ ఇంజిన్ విప్పిన రోజు అలా కరిగిన పిస్టన్‌ని చేత్తో పట్టుకుని చూశాను. అప్పటినుంచి ఈ విషయంలో నాకు భయం ఎక్కువే.

పంపు కొనే ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను. టర్బో పెట్రోల్ ఇంజిన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు కావాలి. 300 హార్స్‌పవర్‌కి 81 కిలోలు, అంటే దాదాపు 109 లీటర్లు. అలాంటప్పుడు గంటకు 255 లీటర్లు పోసే పంపు ఎందుకని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు పోసే పెట్రోలు తగ్గుతుంది, వోల్టేజి తగ్గితే ఇంకా తగ్గుతుంది, పంపు పాతబడితే మరికాస్త తగ్గుతుంది. ఆ మూడింటికీ చోటు వదలాలి.

అందుకే వాల్‌బ్రో 255లో హై ప్రెషర్ రకం, జీఎస్ఎస్342 తీసుకున్నాను. దీనికి నకిలీలు చాలా ఉన్నాయి, కాబట్టి కంపెనీ అధీకృత డీలర్ దగ్గరే కొనండి. ట్యాంకులో పాత పంపు కూర్చునే చోటే ఇదీ కూర్చుంది. బిగించేముందు బ్యాటరీ నెగెటివ్ తీసేశాను, లైన్‌లో ఒత్తిడి వదిలేశాను, మంటలార్పే సిలిండర్ పక్కనే పెట్టుకున్నాను. తెరిచిన పెట్రోలు ట్యాంకు దగ్గర ఈ మూడూ లేకుండా ఎవరూ చెయ్యి పెట్టొద్దని నా మనవి.

మొదటిసారి నడిపినప్పుడు నిరాశే మిగిలింది. పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే నా రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) నుంచి గొట్టం ఉంది, బూస్ట్ ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడి అంత పెరగాలి. మూడు బార్ల మీద ఒక బార్ బూస్ట్ కలిస్తే నాలుగు చూపాలి. గేజి 3.4 దగ్గరే ఆగిపోయింది. పంపులోనే లోపమనుకుని తిరిగి ఇచ్చేద్దామని కూడా అనిపించింది. ఎందుకైనా మంచిదని మల్టీమీటర్‌ని పంపు కనెక్టర్ దగ్గర పెట్టి చూశాను. ఇంజిన్ దగ్గర 14.1 వోల్టులు ఉంటే, పంపుకి చేరుతున్నవి 11.3 మాత్రమే. కారుతో వచ్చిన సన్నటి వైరు చిన్న పంపుకి సరిపోయింది. కొత్త పంపు లాగే కరెంటుకి మధ్యలోనే వోల్టేజి పడిపోతోంది.

బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజుతో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వెనక్కి లాగి, అక్కడ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి) పెట్టాను. పాత వైరు ఇప్పుడు ఆ రిలేని ఆన్ చేయడానికి మాత్రమే. ఎర్త్ కూడా పెయింట్ గీకి బాడీకి కొత్తగా బిగించాను. పంపు దగ్గర 13.6 వోల్టులు వచ్చాయి. అదే రోడ్డు, అదే గేర్, ఒత్తిడి నాలుగు బార్ల దగ్గర రెడ్‌లైన్ (ఆర్‌పీఎం గరిష్ఠ హద్దు) దాకా కదల్లేదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అయితే పంపు పూర్తి బలంతో తిరగడంతో మరో లోపం బయటపడింది. ఐడ్లింగ్‌లో ఇంజిన్‌కి ఖర్చయ్యే పెట్రోలు కొంచెమే, మిగతాదంతా రెగ్యులేటర్ గుండా ట్యాంకుకి తిరిగిపోవాలి. పాత రెగ్యులేటర్ అంత పెట్రోలుని వెనక్కి పంపలేకపోయింది. దాని వాక్యూమ్ గొట్టం తీసి చూస్తే మూడు ఉండాల్సిన చోట మూడున్నర బార్లు. ఐడ్లింగ్‌లో మిక్చర్ చిక్కబడి, సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన. సర్దుకునే వీలున్న పెద్ద రెగ్యులేటర్ వేసి మూడుకి తెచ్చాను.

ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల సంగతి త్వరగా చెప్తాను. గంటకు 109 లీటర్లని నాలుగు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోదానికి నిమిషానికి సుమారు 455 సీసీ. ఇంజెక్టర్‌ని 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కనుక కనీసం 535 సీసీ ఉండాలి. నా పాతవి 440, కొత్తవి 650. ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం వోల్టేజిని బట్టి మారుతుంది. ఆ పట్టిక ఇవ్వని ఇంజెక్టర్లు ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. అది లేకుండా ఐడ్లింగ్ కుదర్చడం ట్యూనర్‌కి నరకం.

నా అసలు ఫిర్యాదు పంపు మీద కాదు, బిగింపు సామాను విడిగా అమ్మిన వాళ్ల మీద. వాళ్లిచ్చిన గొట్టం పెట్రోలు లోపల ప్రవహించడానికి మాత్రమే పనికొస్తుంది, పెట్రోల్లో మునిగి ఉండటానికి కాదు. మూడు నెలలకి ఉబ్బి, క్లాంప్ దగ్గర చిట్లింది. ఆ లీకు ట్యాంకులోపలే కాబట్టి వాసన రాదు, నేల మీద చుక్క పడదు. పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం, ఎక్కువ ఆర్‌పీఎంలో ఒత్తిడి తగ్గడం, ఇవే ఆనవాళ్లు. మళ్లీ ట్యాంకు తెరవాల్సి వచ్చింది. ట్యాంకులో వాడే గొట్టం మీద ఎస్ఏఈ 30ఆర్10 అని ఉందో లేదో చూసుకోండి. 30ఆర్9 అని ఉంటే అది బయట వాడేది.

మామూలు పెట్రోలు మీద 300 హార్స్‌పవర్ చాలనుకునేవాళ్లకి ఈ పంపు కళ్లు మూసుకుని చెప్తాను, కానీ రిలే, వైరు, ప్రెషర్ గేజి కూడా అదే రోజు కొనండి. 85 శాతం ఇథనాల్ వాడాలనుకుంటే ఇది వద్దు. ఆ ఇంధనం సుమారు 30 శాతం ఎక్కువ పోయాలి. ఇదే కంపెనీ 450 లీటర్ల పంపుల్లో ఇథనాల్ కోసమే చేసిన రకం ఉంది.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది, ఒత్తిడి నిలకడగా ఉంది. ట్యాంకు పావుకి తగ్గినప్పుడు పొడవాటి మలుపులో మాత్రం గేజి ముల్లు ఒక్క క్షణం పడుతోంది. పెట్రోలు ఒక పక్కకి ఒరిగిపోయి పంపు గాలి పీలుస్తోందన్నమాట. సర్జ్ ట్యాంకు (మలుపుల్లోనూ పంపుకి పెట్రోలు అందేలా నిల్వ ఉంచే చిన్న ట్యాంకు) పెట్టేదాకా సగానికి తగ్గకుండా నింపుకుంటూ, మలుపుల్లో బూస్ట్ జోలికి పోకుండా నడుపుతున్నాను.