అమ్మిన కారుపై ఫిర్యాదు వచ్చినప్పుడు: జయపురం గ్యారేజీ తనిఖీపై ఒక సమీక్ష

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో ఒక చిన్న గ్యారేజీ ఉంది. మామూలు సర్వీసింగు, రిపేర్లతో పాటు అక్కడ మరొక పని కూడా చేస్తారు. చేతులు మారిన కారు విషయంలో అమ్మినవారికీ కొన్నవారికీ మధ్య మాట తేడా వచ్చినప్పుడు, ఇద్దరినీ ఎదురుగా ఉంచుకొని బండిని పరీక్షించి, కనిపించినదంతా కాగితం మీద రాసి ఇస్తారు. ఈ సమీక్ష ఆ తనిఖీ గురించే. యజమాని తన పేరు బయటకు రావాలని కోరుకోలేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. అయినా, బ్రోకరు లేకుండా సొంతంగా కారు అమ్ముకొనే తెలుగువారు ఒడిశా సరిహద్దుకు రెండు వైపులా చాలామంది ఉన్నారు కనుక, ఇలాంటి తనిఖీ నుంచి ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించకూడదో వివరంగా చెప్పడం అవసరమని నాకు అనిపించింది.

మా ఇంట్లో చాలా ఏళ్ళు వాడిన పెట్రోలు కారును సాలూరుకు చెందిన ఒక పెద్దమనిషికి అమ్మాను. సాలూరు అంటే లారీల ఊరు. అక్కడివారికి బండి గురించి ఒకరు చెప్పవలసిన పని ఉండదు. ఆయన కూడా బానెట్ ఎత్తి చూసి, మా వీధుల్లో నడిపి చూసి, బేరం ఆడి తీసుకువెళ్ళారు. క్లచ్ సగానికి పైగా అరిగిందని, ముందు టైర్లు పాతవని, వెనుక తలుపు ఒకసారి డెంటింగు, పెయింటింగు చేయించామని అమ్మకం కాగితంలోనే రాసి ఇద్దరమూ సంతకాలు చేశాం. కొద్ది రోజులకు ఆయన ఫోన్ చేసి, సుంకి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరకు పోతోందని, ఇంజన్‌లో ఉన్న లోపాన్ని దాచి అమ్మానని, సగం డబ్బు వెనక్కి ఇవ్వకపోతే ఊరుకొనేది లేదని గట్టిగా చెప్పారు.

ఇలాంటి సమయంలో అమ్మినవారు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు ఫోన్ ఎత్తడం మానేస్తారు. కొందరు గొడవ ఎందుకులే అని ఎంతో కొంత పంపిస్తారు. ఫోన్ ఎత్తకపోతే చిన్న అనుమానం పెద్ద తగవుగా మారుతుంది; కారణం తెలియకుండా డబ్బు పంపితే, లోపం ఉందని మనమే ఒప్పుకొన్నట్టు అవతలివారు అర్థం చేసుకొని మరో నెలకు మరో భాగం గురించి ఫోన్ చేస్తారు. ఆయన మాటలు పూర్తిగా విని, బండిని ఎవరి చేతా విప్పించవద్దని కోరి, ముల్లు పైకి పోయినప్పుడు తీసిన ఫోటోలు, వీడియోలు ఉంటే వాట్సాప్‌లో పంపమని, ఇద్దరమూ జయపురంలో కలుసుకొని తనిఖీ చేయిద్దామని రాతపూర్వకంగా తెలియజేశాను. తనిఖీ ఖర్చు చెరిసగం అని ముందే అనుకున్నాం. గ్యారేజీవారు కూడా ఇదే షరతు పెడతారు. ఒక్కరే డబ్బు కడితే రిపోర్టు కూడా ఆ ఒక్కరి వైపే మొగ్గిందనే మాట వస్తుందని వారి అభిప్రాయం, అది చాలా సరైనది.

చట్టం ఎక్కడ నిలబడుతుందో కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది తెలియక చాలామంది అనవసరంగా భయపడతారు, మరికొందరు అనవసరమైన ధైర్యానికి పోతారు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, వ్యాపారి కాని మనిషి తన వస్తువును అమ్మినప్పుడు దాని నాణ్యతకు హామీ ఇచ్చినట్టు దానంతట అదే భావించరు. కొనేవారే చూసుకొని కొనాలి. అయితే తెలిసి తెలిసి అబద్ధం చెప్పినా, తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపుచ్చినా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద అది మోసమే అవుతుంది, ఒప్పందాన్ని రద్దు చేసుకొనే హక్కు కొన్నవారికి వస్తుంది. అంటే అమ్మిన తరువాత పుట్టిన ప్రతి లోపానికీ మనం బాధ్యులం కాము, కానీ మనం చెప్పిన ప్రతి మాటకూ బాధ్యులమే. అందువల్ల ఫిర్యాదు వచ్చినప్పుడు అసలు తేలవలసినది, ఆ లోపం ఎప్పటిది, అది అమ్మినవారికి తెలిసే అవకాశం ఉందా అన్నదే. లోపం ఎంత పెద్దదన్నది ఆ తరువాతి సంగతి. ఈ గ్యారేజీ తనిఖీ సరిగ్గా ఆ ప్రశ్న చుట్టూనే సాగుతుంది. నేను దీన్ని మెచ్చుకోవడానికి మొదటి కారణం అదే.

మేము వెళ్ళగానే మేస్త్రి చెప్పిన మొదటి మాట, “అమ్మింది ఎవరో కొన్నది ఎవరో నాకు చెప్పకండి బాబూ, బండికి ఏమైంది, ఎప్పుడవుతోంది, అది చెప్పండి” అని. తరువాత ఆయన అడిగిన ప్రశ్నలన్నీ వేడి గురించే. మైదానంలో వేడెక్కుతోందా, ఘాట్‌లోనేనా? ఏసీ వేస్తే పెరుగుతోందా? బండి ఆపి ఇంజన్ నడుస్తూ ఉంచితే ముల్లు దిగుతోందా, ఇంకా ఎక్కుతోందా? కోరాపుట్ ఊరు సముద్ర మట్టానికి 850 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. సాలూరు నుంచి 26వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చేవారు రెండో మూడో గేరులో, తక్కువ వేగంతో, ఇంజన్ మీద పూర్తి భారం వేసి ఎక్కాలి. ఆ వేగంలో ఎదురుగాలి రేడియేటర్‌కు చాలదు. ఫ్యాను, కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) రెండూ బాగుంటేనే బండి నిలుస్తుంది. మైదానంలో నెలల తరబడి బయటపడని లోపం ఘాట్‌లో అరగంటలో బయటపడుతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారే వరకు ఆయన రేడియేటర్ మూత ముట్టుకోలేదు, మమ్మల్ని కూడా ముట్టుకోనివ్వలేదు. మూత తీసి, చిన్న సిరంజితో లోపలి ద్రవాన్ని తీసి గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టారు. ఆకుపచ్చగా ఉండవలసిన కూలెంటు లేత తుప్పు రంగు నీళ్ళలా ఉంది. అమ్మకానికి ముందు కూలెంటు మార్పించిన బిల్లు నా దగ్గర ఉంది. దాని తేదీని ఆయన రిపోర్టులో రాసుకొన్నారు. తరువాత టార్చి వేసి రేడియేటర్ కింది పైపును మెల్లగా వంచి చూపించారు. క్లిప్పు బిగించిన చోట రబ్బరు మీద సన్నటి పగుళ్ళు, వాటి చుట్టూ ఎండిన ఆకుపచ్చ మరక కనిపించాయి. ఆ మరకే అసలు సంగతి చెప్పింది. కారింది మొదట కూలెంటు. అది తగ్గిన తరువాత ఎవరో మామూలు నీళ్ళు పోశారు. సాలూరులో ఒక షెడ్డులో నీళ్ళు పోయించిన మాట నిజమేనని కొన్నాయన వెంటనే ఒప్పుకొన్నారు, అందుకు ఆయనను అభినందించాలి.

మా ఇద్దరి భయం కూడా హెడ్ గ్యాస్కెట్ గురించే, అంటే సిలిండర్లలోని గ్యాసు, కూలెంటు కలవకుండా ఇంజన్‌లో అడ్డుగా ఉండే పలుచని పొర. అది పోతే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానికి మేస్త్రి చేసిన పరీక్ష చూడదగినది. నీలం రంగు మందు పోసిన గాజు గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద ఉంచి, ఇంజన్ నడుపుతూ, లోపలి నుంచి వచ్చే గాలిని రబ్బరు బుడ్డితో ఆ మందులోంచి లాగారు. సిలిండర్లలో మండిన గ్యాసు కూలెంటులోకి వస్తూ ఉంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ నీలం పసుపుగా మారుతుంది. మేము ముగ్గురమూ ఆ గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాం. రంగు మారలేదు. బండి కంప్యూటరును చదివే స్కానర్ పెట్టినప్పుడు, పాత కోడ్‌లు (కంప్యూటరు నమోదు చేసుకొనే లోపాల గుర్తులు) ఏవీ ఇటీవల చెరిపిన ఆనవాళ్ళు లేవని కూడా చూపించారు. కోడ్‌లు చెరిపితే కంప్యూటరు తన సొంత పరీక్షలను మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి, అవి పూర్తి కాలేదని తెర మీద కనిపిస్తుంది. అమ్మకానికి ముందు లోపాలు చెరిపేశారన్న అనుమానం ఉన్నవారు ఈ ఒక్క తెరను తప్పకుండా చూపించమని అడగాలి.

రిపోర్టు రెండు పేజీలు. అందులో తప్పు ఎవరిదన్న మాట ఒక్కచోట కూడా లేదు. పైపు పగుళ్ళు నెలల నాటివని, పగులు క్లిప్పు కింద ఉన్నందున విప్పకుండా కనిపించేది కాదని, కూలెంటు స్థానంలో నీరు ఇటీవల పోసినదని, గ్యాస్కెట్‌కు ఈ రోజు వరకు దెబ్బ తగలలేదని రాశారు. ఈ నాలుగు వాక్యాలతో మా తగవు తొంభై శాతం తీరిపోయింది. పైపు నా దగ్గర ఉన్న కాలంలోనే పాతబడింది కాబట్టి కొత్త పైపు, క్లిప్పులు, కూలెంటు, మజూరీ నేను ఇచ్చాను. చట్టం నన్ను అందుకు బలవంతపెట్టదు, కానీ అది న్యాయమని నాకు తోచింది. సగం డబ్బు అనే మాటను ఆయన వదులుకొన్నారు. ఆ రిపోర్టు వెనుకే, ఈ ఫిర్యాదు ఇంతటితో పూర్తిగా పరిష్కారమైందని, ఇచ్చిన మొత్తం మర్యాదపూర్వకమైనదే తప్ప లోపాన్ని దాచినట్టు ఒప్పుకోవడం కాదని రాసుకొని సంతకాలు చేశాం. ఇలాంటి కాగితం లేకుండా ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ గ్యారేజీ ముట్టుకోని విషయం ఒకటి ఉంది: ఆర్సీ. తగవు నడుస్తున్నప్పుడు కొన్నాయన ఒకసారి, డబ్బు సంగతి తేలే వరకు బండిని తన పేరుకు మార్చుకోనన్నారు. అమ్మినవారికి అన్నిటికంటే ప్రమాదకరమైన మాట అది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి; రాష్ట్రం దాటితే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం)తో సహా ఆ పని చేయడానికి 45 రోజుల గడువు ఉంటుంది; కొన్నవారు 30 రోజుల్లో తమ వైపు నుంచి తెలియజేయాలి. ఒడిశా నంబరు బండి ఆంధ్రకు పోతున్నప్పుడు 28వ నంబరు ఫారంతో తెచ్చుకొనే ఎన్‌వోసీ, పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాలు మూడూ కావాలి. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. కారు పలు చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజున రికార్డులో ఎవరి పేరు ఉందో వారే యజమాని కింద లెక్క, పరిహారం బాధ్యత వారిదే. కాబట్టి రేడియేటర్ పైపు వ్యవహారాన్నీ పేరు మార్పిడినీ ఎన్నడూ ఒకే ముడి వేయకూడదు. ఫిర్యాదు వినండి, తనిఖీకి వెళ్ళండి, కానీ పేరు మార్పిడి మాత్రం తన దారిన తాను జరగాలని మొదటి రోజే చెప్పండి. బీమా కూడా అంతే. పాలసీని తన పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజుల్లో బీమా కంపెనీని కోరాలి. ఫాస్టాగ్‌ను అమ్మిన రోజే రద్దు చేయించడం మంచిది.

ఇక ఈ సేవలోని లోపాలు. రిపోర్టు ఒడియాలో చేతిరాతతో ఇచ్చారు. మేస్త్రి తెలుగు చక్కగా మాట్లాడతారు, అయినా రాత మాత్రం ఒడియాలోనే. కొన్నాయనకు ఒక్క అక్షరం చదవడం రాదు. నేను చదివి వినిపిస్తే ఆయన నమ్మవలసి వచ్చింది. అమ్మినవాడే చదివి చెప్పే కాగితం మీద అవతలివారు సంతకం చేయవలసి రావడం సరైన పద్ధతి కాదు. చివరికి పక్క దుకాణంలో రెండు భాషలూ తెలిసిన ఒకరి చేత తెలుగులో రాయించి, మేస్త్రి చేత ముద్ర వేయించుకొన్నాం. సగం మంది గిరాకీలు సాలూరు, పార్వతీపురం వైపు నుంచి వస్తున్నప్పుడు తెలుగు ప్రతి ఇవ్వడం గ్యారేజీ బాధ్యతగానే భావించాలి. రెండో లోపం, ఫోటోలను రిపోర్టుకు జతచేయరు. గ్లాసులోని ద్రవాన్ని, పైపు మరకను మా ఫోన్లలో మేమే తీసుకొన్నాం. మూడోది, టెస్ట్ డ్రైవ్ ఊళ్ళోనే చేస్తారు. ఘాట్‌లో వచ్చే ఫిర్యాదును ఘాట్‌లోనే పరీక్షించాలి. అదనపు రుసుము తీసుకొని అయినా ఆ ఏర్పాటు పెడితే బాగుంటుంది. మా విషయంలో పైపు మార్చిన తరువాత కొన్నాయనే అదే దారిలో దిగి, మళ్ళీ ఎక్కి, ముల్లు సగం దాటలేదని ఫోటో పంపారు.

ఈ తనిఖీ వ్యక్తులు వ్యక్తులకు అమ్ముకొన్న బండ్లకు సరిపోతుంది. డీలరు దగ్గర కొన్నవారికి దీని అవసరం తక్కువ, ఎందుకంటే వారికి వేరే రక్షణలు ఉన్నాయి: వ్యాపారిపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ అనుమతి పత్రం తీసుకోవాలన్న నియమం అమలులో ఉంది. ప్రమాదంలో చట్రం దెబ్బతిన్నదా, మీటరు వెనక్కి తిప్పారా అన్న అనుమానాలకు కూడా ఈ గ్యారేజీ చాలదు. అలాంటి వాటికి కంపెనీ సర్వీసు సెంటరులో ఉండే సర్వీసు చరిత్రను తెప్పించుకోవాలి. ఇంజన్, కూలింగు, క్లచ్, బ్రేకులు, ఏసీ, వైరింగు ఫిర్యాదులకు మాత్రం నిస్సందేహంగా వెళ్ళవచ్చు. రుసుము వెయ్యి రూపాయల లోపే. ముందురోజు ఫోన్ చేసి ఇద్దరి పేర్లూ చెప్పాలి, బండిని రాత్రంతా చల్లారనిచ్చి ఉదయాన్నే తేవాలి. కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ రాకపోతే రిపోర్టు ఇవ్వరు.