బోర్లా పెట్టి చూసిన వజ్రం

రాజమండ్రి తాడితోటలో ముప్పై ఏళ్లుగా పంచెలు, షర్టింగు తానులు అమ్ముతున్నాను. తెలుపంతా ఒకటే అనుకునేవారు నా కొట్టులో అరగంట కూర్చుంటే ఆ నమ్మకం వదులుకుని వెళతారు. పాల తెలుపు, మిల్లు తెలుపు, నీలిమందు తెలుపు. విడిగా చూస్తే అన్నీ తెలుపే, పక్కపక్కన పరిస్తేనే గుట్టు బయటపడుతుంది. అందుకే పెద్దమ్మాయి పెళ్లికి ఒంటిరాయి దుద్దులు కొందామని మెయిన్ రోడ్డులో ఒక నగల దుకాణానికి వెళ్లినప్పుడు, 'రంగులేని రాయి' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాలుగుసార్లు తిరిగి, ఒక జత కొన్నాక రాస్తున్నాను. దుకాణం పేరు రాయను. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి.

మొదటి రోజు కౌంటరులో ఉన్న అబ్బాయి నల్ల మఖమల్ పళ్లెంలో రాళ్లు పెట్టి, పైనున్న దీపాలన్నీ వేశాడు. ఆ వెలుగులో గాజుపెంకు కూడా మెరుస్తుంది. "ఇ-ఎఫ్ రంగు సార్, గోల్కొండ రాయిలా ఉంటుంది" అన్నాడు. గోల్కొండ వజ్రాలు కోటలో పుట్టలేదని, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల తవ్వి తెచ్చి అక్కడ అమ్మినవని, ఆ కొల్లూరు గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీటి కింద ఉందని చెబుదామనుకుని ఊరుకున్నాను. పాపం, కుర్రవాడు. వజ్రానికి పసుపు ఛాయ ఎక్కువగా నత్రజని వల్ల వస్తుంది. పేరు మోసిన పాత గోల్కొండ రాళ్లలో చాలావాటికి అది దాదాపు లేదు. ఆ నీటి తెలుపు అక్కడిది. పళ్లెంలోని రాళ్లకు ఆ వంశంతో సంబంధం లేదు.

ఇ-ఎఫ్ అని అతనన్నది వాళ్లే అచ్చు వేసుకున్న అట్ట చూసి. నేను జీఐఏ (వజ్రాలను పరీక్షించి స్థాయి చెప్పే అమెరికా సంస్థ) నివేదిక ఉన్న విడి రాళ్లు కావాలన్నాను. ఆ సంస్థ కొలతలో రంగు డి నుంచి జెడ్ దాకా నడుస్తుంది. డి, ఇ, ఎఫ్ రంగులేనివి. జి నుంచి జె వరకు దాదాపు రంగులేనివి. ఆపైన పసుపు మెల్లగా కనబడుతుంది. ఎ, బి, సి లను అంతకుముందే వ్యాపారులు తలా ఒక తీరులో వాడి పాడు చేశారు కాబట్టి డి తో మొదలుపెట్టారు. మా మార్కెట్‌లో 'ఏ వన్ క్వాలిటీ' ముద్ర లేని తాను నేనింతవరకు చూడలేదు, కాబట్టి వాళ్ల జాగ్రత్త నాకు వెంటనే అర్థమైంది.

రెండోసారి వెళ్లినప్పుడు యజమాని స్వయంగా కూర్చున్నారు. ఈ దుకాణానికి నేను మార్కులు వేసేది ఆయన ఆ రోజు చూపిన ఓపికకే. పొట్లాలు విప్పి, తెల్ల కాగితాన్ని గాడిలా మడిచి, పట్టకారుతో రాళ్లను బోర్లా పేర్చారు. ముఖం కిందికి, మొన పైకి. రంగు చూసే పద్ధతి అదే. ముఖం వైపు నుంచి చూస్తే మెరుపు కంటిని మోసం చేస్తుంది. గుమ్మం దగ్గరికి వెళ్లి చూస్తానన్నాను. కాపలా మనిషిని తోడిచ్చి పంపారు. వాళ్ల కొట్టు ఉత్తరం ముఖం, ఎండ నేరుగా పడదు. నేను బట్ట చూసేది కూడా అలాంటి వెలుగులోనే.

బోర్లా ఉన్నప్పుడు ఇ కి, జి కి తేడా తెలిసింది. జి రాయి పక్కల్లో లేత ఛాయ, ఒకసారి ఉతికిన కోరా బట్టలాగా. తర్వాత రెండింటినీ తిప్పి నిలబెట్టమన్నాను. మూరెడు దూరం నుంచి ఏది ఏదో చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ల తెలుపు అనుభవం అక్కడ గల్లంతయింది. మా ఆవిడ నవ్వి, "రేపు అమ్మాయిని ఎవరైనా బోర్లా పడుకోబెట్టి దుద్దులు చూస్తారా?" అంది. అరకారెట్ రాళ్లు, జతకు యాభై వేల దాకా తేడా. పైగా అమ్మాయికి కావలసింది పసుపు బంగారం, 18 కారెట్. ఆ పసుపు రాయిలో ఎలాగూ ప్రతిఫలిస్తుంది. తెల్ల బంగారంలో పొదిగించేవాళ్లు ఎఫ్ వైపు వెళ్లవచ్చు, మాకు జి చాలు. మిగిలిన డబ్బు కోతలో పెట్టాం. కోత 'ఎక్సలెంట్' కానిదే ముట్టనన్నాను. మెరుపు తెచ్చేది కోతే. చదునుగా కోసిన ఇ రాయి ఒకటి చూపించారు, చెవి దగ్గర పెడితే చెమ్కీలా ఉంది.

ఇక అమ్మ సంగతి. ఆమెకు ఎనభై దాటాయి. ఏడు రాళ్ల దుద్దులు తీసేదే లేదు, వాటిని 'బ్లూ జాగర్' అంటుంది. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని పేరు అలా మన ఇళ్లలోకి వచ్చి స్థిరపడింది. నీలి ఛాయ ఉన్న రాయే గొప్పదని ఆ తరం నమ్మకం. యజమాని అతినీలలోహిత టార్చి వేస్తే మా ముందున్న రాళ్లలో రెండు నీలంగా వెలిగాయి. వాటికంటే నా పంచె ఎక్కువ వెలిగింది! మిల్లులో పట్టించే తెలుపు మందు చేసేది కూడా ఇదే. పసుపు మీద నీలం వేసి కప్పడం. అంటే లేత పసుపున్న రాయికి కాస్త నీలి వెలుగు మేలే చేస్తుంది. డి, ఇ రాళ్లకు కప్పవలసిన పసుపే లేదు కాబట్టి, అదే గుణం అక్కడ ధర తగ్గిస్తుంది. బాగా ఎక్కువైతే కొన్ని రాళ్లు ఎండలో మసకబారతాయి. అలాంటి ఇ రాయిని బయటికి తీసుకెళ్లి చూశాను, నూనె చేత్తో పట్టుకున్న గాజులా ఉంది. చవకగా ఇస్తామన్నా వద్దన్నాను. జి రంగులో, మధ్యస్థంగా నీలం వెలిగే రాయిని ఎంచుకున్నాం.

ఇక్కడే చిక్కు వచ్చింది. దానికి జతగా ఇచ్చిన రాయి అదే రంగు, అదే కోత, కానీ టార్చికి పలకలేదు. ఎండలో ఒక చెవి ఒక తీరు, రెండో చెవి ఇంకో తీరు అవుతాయి. నివేదికలో ఈ నీలి వెలుగు సంగతి చెప్పే ఫ్లోరసెన్స్ అన్న గడి వాళ్లే చూసి ఉంటే నేను అడగవలసిన పనే లేదు. సూరత్ నుంచి జత తెప్పిస్తామన్నారు. అయిదు రోజులన్నది పదకొండయింది, మధ్యలో ఒక్క ఫోను లేదు. పెళ్లి దగ్గరపడుతున్న ఇంట్లో ఆరు రోజులంటే మాటలు కావు.

రాళ్ల అంచు మీద లేజరుతో చెక్కిన నివేదిక సంఖ్యను భూతద్దంలో చదివించి మరీ పొదగడానికి పంపారు, అది బాగుంది. పొదిగి తెచ్చాక చూస్తే ఒకదాని చివరి అంకె మీద, రాయిని పట్టి ఉంచే బంగారు గోరు కూర్చుంది. అడిగితే విసుక్కోకుండా రాయిని తిప్పి పొదిగించారు.

బిల్లు దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. తిరిగి ఇస్తే రాయికి బిల్లు ధరలో 80 శాతం, అది కూడా మార్పిడికే. మజూరీ, 3 శాతం జీఎస్టీ ఎలాగూ రావు. ఈ షరతు బిల్లు వెనక చీమల బారంత అక్షరాల్లో ఉంది. నాలుగు సార్లు టీలు ఇచ్చినవారు ఇది ఒక్కసారి నోటితో చెప్పలేదు. ల్యాబ్‌లో పెంచిన రాయైతే డి రంగు కూడా చాలా తక్కువకే వస్తుందని అమ్మాయి మొదట్లో అంది, నిజమే. అమ్మ ఒప్పుకోలేదు కాబట్టి అటు చూడలేదు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. వెళ్లేవారు ఉదయం పదకొండు లోపు వెళ్లండి, యజమాని ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. ఆదివారం వద్దు. ఆ రోజు గుమ్మం దగ్గర జనం చెప్పులు విప్పుకోవడానికే చోటుండదు, రాయి ఎక్కడ చూస్తారు?