అమెరికా నుంచి గన్ తెచ్చుకుందామనుకునే ఎన్నారైలకి: హైదరాబాద్‌లో ఒక క్లియరింగ్ ఏజెంట్ సర్వీస్ మీద నా రివ్యూ

మా బావ గ్రీన్ కార్డ్ మీద డల్లాస్‌లో చాలా ఏళ్లు ఉండి ఇప్పుడు ఫ్యామిలీతో వెనక్కి వచ్చేస్తున్నాడు, అక్కడ క్లే షూటింగ్‌కి (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని కాల్చే ఆట) వాడే ట్వెల్వ్ బోర్ షాట్‌గన్, ఒక నైన్ ఎంఎం పిస్టల్ ఉన్నాయి, రెండూ ఇంటి సామాన్లతో పాటు తెచ్చేసుకుంటానన్నాడు. అక్కడి షిప్పింగ్ కంపెనీ వాడైతే పేపర్లు ఏమీ అడక్కుండానే కొటేషన్ పంపేశాడు, అదే నాకు భయం వేసింది. అందుకే ఇక్కడ కస్టమ్స్‌లో సామాన్లు విడిపించిపెట్టే ఒక క్లియరింగ్ ఏజెంట్ దగ్గరికెళ్లా.

ఆయన మొదట అడిగిందే "సార్, ఇక్కడ ఆర్మ్స్ లైసెన్స్ ఉందా?" అని. లేదన్నా. అయితే ఏదీ కదిలించకండి అన్నారు.

మామూలుగా బ్యాగేజీలో గన్ తేవడం నిషేధం. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ మీద, అంటే కాపురం ఇక్కడికి మార్చుకుని వచ్చేవాళ్లకి మాత్రం ఒక్కటంటే ఒక్కటి, అది కూడా అనుమతి ఉన్న బోర్ (గన్ గొట్టం సైజు) అయ్యుండాలి, అక్కడ కనీసం ఏడాది మన దగ్గరే ఉండి వాడి ఉండాలి, ఇక్కడి లైసెన్స్ చేతిలో ఉండాలి. తెచ్చాక జీవితాంతం అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. నైన్ ఎంఎం మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు వాళ్లకి అనుమతి లేని సైజు, కాబట్టి పిస్టల్ సంగతి అక్కడే అయిపోయింది. మిగిలింది షాట్‌గన్. దానికి లైసెన్స్ అంటే హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్‌కి అప్లై చేయాలి, పోలీస్ వెరిఫికేషన్ అవ్వాలి, మనిషి ఇక్కడ లేకుండా ఇదంతా ఎలా అవుతుంది చెప్పండి.

డబ్బు సంగతి కూడా ఓపిగ్గా లెక్క వేసి చూపించారు. డ్యూటీ గన్ ధర ఒక్కదాని మీదే పడదంట, ఫ్రైట్, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద వేస్తారు. పర్మిషన్ లేకుండా దిగితే గోడౌన్ చార్జీలు రోజూ పెరుగుతూనే ఉంటాయి, చివరికి కస్టమ్స్ వాళ్లు జప్తు కూడా చేయొచ్చు. అమెరికా వైపు ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ వేరే గొడవ. పిస్టల్స్, రైఫిల్స్ ఎక్స్‌పోర్ట్ 2020 మార్చి నుంచి అక్కడి కామర్స్ డిపార్ట్‌మెంట్ చూస్తోంది, అప్లికేషన్‌కి ఫీజు లేదు గానీ ఇక్కడి దిగుమతి అనుమతి చూపించమంటారు.

ఇంకోటి చెప్పారు, ఇది మాత్రం అందరూ వినాలి. షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్‌నే ఫ్లైట్‌కి వాడొద్దు. జేబులో ఒక్క తూటా మిగిలినా ఎయిర్‌పోర్ట్‌లో ఆర్మ్స్ యాక్ట్ కేసు. మా అక్కకి అదే రోజు ఫోన్ చేసి బ్యాగులన్నీ తిరగేయించా.

ఇన్ని చెప్పి ఆయన తీసుకుంది కన్సల్టేషన్ ఫీజు మాత్రమే, ఫైల్ ఓపెన్ చేయించుకుని పెద్ద మొత్తం లాగాలని చూడలేదు. షాట్‌గన్ అక్కడే లైసెన్స్‌డ్ డీలర్‌కి అమ్మేసుకుని రమ్మని నిజాయితీగా చెప్పారు, బావ కాస్త బాధపడ్డాడు గానీ అలాగే చేస్తున్నాడు. ఇక్కడికొచ్చాక రైఫిల్ క్లబ్‌లో చేరతానంటున్నాడు.

5కి 4 ఇస్తున్నా. ఒకటి తగ్గించింది ఎందుకంటే ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో పెట్టిన డౌట్లకి జవాబు రాదు, చెప్పినవన్నీ కాగితం మీద రాసివ్వమంటే ఇవ్వలేదు, ఆఫీసుకెళ్లి ఎదురుగా కూర్చోవాల్సిందే.