ఫార్మింగ్టన్‌లో 480 డాలర్లు, చిన్లెలో 285

ఫీనిక్స్ నుంచి మా ఆవిడ, మామయ్యగారితో కలిసి అమెరికా మూలవాసులైన నవహోల నేల చూడటానికి వెళ్లాం. మామయ్యగారు తెనాలిలో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యారు. దారి, హోటళ్లు, వాతావరణం అన్నీ బాగానే కుదిరాయి.

నా కోపమంతా న్యూ మెక్సికోలోని ఫార్మింగ్టన్ ఊళ్లో మాట్లాడుకున్న ప్రైవేటు గైడు మీదే. ముగ్గురికి 480 డాలర్లు తీసుకున్నాడు. ఆ రాష్ట్రం వాయవ్య మూలనున్న దినేతా నవహోల తొలి నేల. గ్యాస్ బావుల మట్టిరోడ్ల మీద రెండు గంటలు కుదిపి, బండరాళ్ల పైన రాతితో కట్టిన ప్యూబ్లిటోలు చూపించాడు. ఇంతింత ఇళ్లే, కానీ ఒక్కోటి ఒక కోట. చూపించి ఏమన్నాడంటే, ఇవి నవహోలు కట్టినవి కావట. పొరుగునుండే ప్యూబ్లోలు అనే మరో మూలవాసులు 1680లో స్పెయిన్ పాలన మీద తిరగబడ్డారు, ఆ తర్వాత స్పెయిన్‌వాళ్లకి భయపడి పారిపోయి వచ్చి వాళ్లు కట్టారట. నవహోలకి రాతిపని ఎక్కడిదన్నాడు. "ఆధారం ఏమిటి బాబూ?" అని మామయ్యగారు అడిగితే, "అందరికీ తెలిసిందే" అన్నాడు. ఆ రాత్రి ఆయన సరిగ్గా భోంచేయలేదు.

మర్నాడు అరిజోనాలోని చిన్లె వెళ్లాం. కాన్యన్ డి షే లోయలోకి దిగాలంటే నవహో గైడు ఉండాలి. మూడు గంటల జీపు, ముగ్గురికి 285. గైడు అరవై దాటిన పెద్దాయన. మామయ్యగారు అదే ప్రశ్న వేస్తే చెట్టు నీడన జీపు ఆపేసి మరీ చెప్పారు. ఆ ఇళ్ల దూలాల చెక్కలో ఏటేటా పడిన వలయాలు లెక్కపెడితే చాలా ఇళ్లు 1710 నుంచి 1750ల మధ్య కట్టినవని తేలింది. అంటే తిరుగుబాటు అయ్యాక ఒక తరం గడిచిపోయింది. యూట్‌లనే పొరుగు తెగ దాడుల నుంచి కాచుకోవడానికి నవహోలే కట్టుకున్నారు. పక్కనే హోగన్లు, అంటే నవహోల సంప్రదాయ ఇళ్ల ఆనవాళ్లూ ఉన్నాయి. "జెమెజ్ అనే ప్యూబ్లో ఊరి నుంచి చుట్టాలు వచ్చిన మాట నిజమే, వాళ్లు మాలో ఒక వంశమయ్యారు. అంతమాత్రాన ఇల్లు మాది కాకుండా పోతుందా?" అన్నారు. 1950లలో నవహోల భూమి హక్కు దావాలో సాక్ష్యం కోసం పాత హోగన్ల కలప నమూనాలు సేకరించారనీ, 1977లో నవహో నేషన్, అంటే నవహోల సొంత ప్రభుత్వం, సొంత పురావస్తు శాఖ పెట్టుకుందనీ చెప్పారు. మామయ్యగారు అన్నీ డైరీలో రాసుకున్నారు. దిగేటప్పుడు తన జేబులోంచి 40 డాలర్లు తీసి ఆయన చేతిలో పెట్టారు.

తర్వాత 16 డాలర్ల మటన్ స్టూ, ఫ్రై బ్రెడ్ అనే నూనెలో వేయించిన రొట్టె తిన్నాం. ఉప్పు తప్ప మసాలా లేదు, అయినా మా ఆవిడ రెండోసారి అడిగింది.

దినేతాకి వెళ్లేవాళ్లు గైడుని కుదుర్చుకునే ముందే ఆ ఇళ్లు ఎవరు కట్టారో అడగండి. జవాబు నచ్చితేనే డబ్బు కట్టండి. వాన పడితే ఆ మట్టిరోడ్ల జోలికి అసలు వెళ్లొద్దు.