ఎస్ఎం58 మైకు: ఎనిమిదేండ్లు వాడినంక

షూర్ ఎస్ఎం58 మార్కెట్లోకి వచ్చింది 1966లో. హనుమకొండ, వరంగల్ స్టేజీల మీద ఒగ్గుకథలకు, నాటకాలకు ఎనిమిదేండ్లుగా వాడుతున్న మైకు ఇది. చేత్తో పట్టుకుని కథ చెప్పేవాళ్లకు ఇంతకన్నా ఖరీదైంది కొనాల్సిన పనిలేదు. నాటకానికి మాత్రం కొనొద్దు.

ఒగ్గుకథలో కథకుడి పక్కనే డోళ్లు మోగుతుంటాయి. ఈ మైకు ముందు నుంచి వచ్చే శబ్దాన్నే బాగా తీసుకుంటుంది, వెనుక నుంచి వచ్చేది చాలా తక్కువ. అందుకే డోలు వాళ్లను, మానిటర్ బాక్సును (కళాకారుడికి తన గొంతు వినిపించే స్పీకర్) మైకు తోక వైపు ఉంచాలి. నోటికీ, మైకు తల మీది జాలీకీ మధ్య 3 నుంచి 5 సెంటీమీటర్లు చాలు. ఇంకా దగ్గరికొస్తే బేస్ ఉబ్బి మాట మసకబారుతుంది. మిక్సర్లో 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (బేస్‌ను కోసేసే బటన్) నొక్కితే సగం బాధ తీరుతుంది.

హాల్లో మైకు కూతపెట్టిందంటే ముందు చూడాల్సింది మిక్సర్ మీది ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) కాదు, కళాకారుడి చెయ్యి. ఉత్సాహంలో జాలీ గుండును గుప్పిట్లో మూస్తారు. లోపల శబ్దాన్ని పట్టే క్యాప్సూల్ వెనుక గాలి రంధ్రాలు మూసుకుపోయి మైకు అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది, ఇక ఆ కూత (ఫీడ్‌బ్యాక్) ఆగదు. కథ మొదలవకముందే "కాడ పట్టుకో అన్నా" అని చెప్పడమే దీనికి మందు.

మన దగ్గర దీనికి అసలు శత్రువు బండారు. మల్లన్న కథల్లో చల్లే పసుపు, ఉమ్మి తడితో కలిసి జాలీ లోపలి స్పాంజికి పట్టేస్తుంది. స, శ లాంటి అక్షరాలు మొద్దుబారితే మైకు పోయిందనుకుంటారు. చాలాసార్లు పోయింది స్పాంజి. జాలీ ఎడమకు తిప్పితే ఊడుతుంది. సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్‌తో కడిగి, ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. క్యాప్సూల్‌కు నీళ్లు తగలనివ్వొద్దు. ఐనవోలు, కొమురవెల్లి జాతరలకు పోయేటప్పుడు రెండు జాలీలు అదనంగా సంచిలో ఉండాలి.

గరగర వస్తే వైరునే అనుమానించండి. వైరు కనెక్టర్లో 1వ పిన్ను షీల్డు (బయటి గోలను ఆపే పొర), 2, 3 సిగ్నల్ (గొంతును మోసేవి). 2, 3లలో ఒకటి తెగినా శబ్దం సన్నబడి హమ్ (గుయ్‌మనే మోత) ఎక్కుతుంది. లైట్ల డిమ్మర్ (వెలుగు పెంచే, తగ్గించే పెట్టె) కేబుళ్ల పక్కన మైకు వైరు సాగదీయొద్దు. దాటాల్సివస్తే అడ్డంగా దాటించాలి.

నాటకంలో నటుడు మైకుకు రెండు మూడు అడుగుల దూరంలో ఉంటాడు. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డీబీ (డెసిబెల్) శబ్దం పోతుంది. ఆ లోటును మిక్సర్లో గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే నాబ్) తిప్పి పూడిస్తే ఫ్యాన్ల చప్పుడు, అడుగుల చప్పుడు కూడా పైకొస్తాయి. అక్కడ హెడ్‌సెట్ మైకులే దిక్కు.

నకిలీలు బాగా తిరుగుతున్నాయి. అసలుది దాదాపు 298 గ్రాములు తూగుతుంది. బరువు సరిపోయినా నమ్మొద్దు. పాత అసలు మైకు ఒకటి వెంట తీసుకెళ్లి, ఒకే గెయిన్ మీద రెండింట్లో మాట్లాడి చూసినంకనే డబ్బులివ్వండి.