ఊళ్లో సైన్స్ మాట: సెమినార్ హాల్లోనా, టీ కొట్టు దగ్గరా, చేలోనా?

గోదావరి డెల్టాలో పరిశోధనకు లోటు లేదు. వరికి మార్టేరు పరిశోధన కేంద్రం ఉంది, కొబ్బరికి అంబాజీపేట కేంద్రం ఉంది. 1982లో విడుదలైన స్వర్ణ వరి (ఎంటీయూ 7029) మార్టేరులో పుట్టి రాష్ట్రాలు దాటి పండింది. లోటల్లా అక్కడ తేలిన సంగతి ఊళ్లోకి వచ్చే దారిలోనే. ఒక శాస్త్రవేత్తను పిలిచి మాట్లాడించాలనుకునే లైబ్రరీ అయినా, యువజన సంఘమైనా, ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ముందు తేల్చుకోవాలి. సగం ఫలితం అక్కడే ఉంది.

తెర మీద చూపించాల్సిన విషయమైతే కాలేజీ సెమినార్ హాలుకు సాటి లేదు. డెల్టా కుంగిపోతున్న సంగతే తీసుకోండి. ఎగువన డ్యాముల వెనక ఒండ్రు ఆగిపోతోంది, నేల అణుగుతోంది, సముద్రమట్టం పెరుగుతోంది. ఇలా కుంగుతున్న డెల్టాల మీద 2009లో 'నేచర్ జియోసైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధనలో మన గోదావరి, కృష్ణా కూడా ఉన్నాయి. పాత మ్యాపునూ ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెడితే ఇది ఇట్టే అర్థమవుతుంది. విద్యార్థులకు హాలే మంచిది. కానీ దీపం వెలిగించడం, అతిథుల ప్రసంగాలు, శాలువాలు అయ్యాక ప్రశ్నలకు మిగిలేది కొద్ది నిమిషాలు. అప్పుడు కూడా మైకు దగ్గరికి వచ్చేది మాట్లాడటం అలవాటున్నవాళ్లే. అంతర్వేది వైపు సముద్రం పక్కన బతికే మనిషి అంతమందిలో లేచి అడగడు.

రొయ్యల చెరువులున్న ఊళ్లలో మేత, మందుల కంపెనీలు భోజనాలు పెట్టి జరిపే మీటింగులు ఉంటాయి. అక్కడ పనికొచ్చే సమాచారం దొరకదని అనను. అయితే "వైట్ స్పాట్‌కు ఏ మందు వాడాలి?" అని అడిగి చూడండి. రొయ్యలకొచ్చే ఈ వైరస్ జబ్బు సోకాక నయం చేసే మందు లేదు. వైరస్ లేదని పీసీఆర్ పరీక్షలో తేలిన సీడ్ (రొయ్య పిల్లలు) వేయడం, పీతలూ పక్షులూ రాకుండా కంచె, వల కట్టడం, లోపలికొచ్చే నీటిని శుద్ధి చేయడం, ఇలా రాకుండా కాచుకోవడమే దారి. ఈ జవాబు చెబితే సీసాలు అమ్ముడుపోవు. ఊరివాళ్లు పెట్టుకునే మాటకు, అమ్మే పని లేని మనిషినే పిలవాలి.

ఇక టీ కొట్టు. 1998లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో డంకన్ డాలస్ అనే టీవీ నిర్మాత 'కెఫే సయంటిఫీక్' (సైన్స్ కెఫే) మొదలుపెట్టాడు. శాస్త్రవేత్త కాసేపే మాట్లాడతాడు, తర్వాత విరామం, మిగతా సమయమంతా ప్రశ్నలకే. మనకు ఇది నేర్పాల్సిన పద్ధతి కాదు. కాలువ నీళ్లు ఎప్పుడు వదులుతారు, రొయ్య రేటు ఎంత పడిపోయింది, బోరు ఎందుకు ఉప్పబడింది అన్న చర్చ అక్కడ రోజూ జరిగేదే. ఆ చర్చలోకి తెలిసిన మనిషిని ఒకరిని తెచ్చి కూర్చోబెట్టడమే. ఎవరి బోరు నీళ్లు వాళ్లు సీసాలో పట్టుకు రమ్మని చెప్పి, నీటిలో ఉప్పెంతో చెప్పే చిన్న ఈసీ మీటరుతో అందరి ముందూ కొలిపించండి. వరి వేర్ల దగ్గర మట్టి నీటి ఈసీ మీటరుకు సుమారు 3 డెసీసీమెన్స్ దాటితే దిగుబడి తగ్గుతుందని ఆయన చెప్పగానే, రొయ్యల చెరువు రైతూ వరి రైతూ ఒకే బల్ల మీద కూర్చుని చెరువు ఉప్పు నీరు ఎటు వదలాలో మాట్లాడుకోవాల్సి వస్తుంది. నా దృష్టిలో దీని బలమంతా ఇదే. డెల్టాలో ఒకడి కష్టం కాలువ వెంట పక్కవాడికి చేరుతుంది కాబట్టి, పక్కపక్కవాళ్లు కలిసి వినాలి.

దీనికీ రెండు పెద్ద లోపాలున్నాయి. ఆడవాళ్లు టీ కొట్టు దగ్గర కూర్చోరు. భూమి సొంతదారు ఎదురుగా ఉంటే కౌలు రైతు నోరు విప్పడు. అందుకే అదే పద్ధతిని బడి వరండాలో ఒకసారి, డ్వాక్రా సంఘం సమావేశంలో ఒకసారి నడపాలి. ఇది వదిలేస్తే ఊరిలో సగానికి పైగా మనుషులను వదిలేసినట్టే.

చేతులతో నేర్చుకోవాల్సిన విషయానికి మాత్రం పొలంబడే మేలు. రైతులు చేలోనే కలిసి చూసి నేర్చుకునే ఈ పద్ధతి 1989లో ఇండోనేషియాలో వరి రైతులతో మొదలైంది. విచక్షణ లేకుండా మందు కొడితే సుడిదోమను తినే సాలీళ్లు చచ్చి ఆ దోమ ఇంకా పెరుగుతుందన్న నిజాన్ని రైతులు తమ చేలోనే లెక్కపెట్టి చూసుకున్నారు. అయితే సీజనంతా వారం వారం రావాలి. సార్వా (ఖరీఫ్) పనుల మధ్య అందరికీ వీలుకాదు.

నన్నడిగితే ముందు టీ కొట్టు తరహా మాటతోనే మొదలుపెట్టమంటాను. దాళ్వా (రబీ) కోతలయ్యాక కాలువలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో, సాయంత్రం పూట. ఆసక్తి చూపినవాళ్లతో సార్వాలో పొలంబడి. కోనసీమలో మొదటి విషయంగా కొబ్బరి మీది సర్పిలాకార తెల్లదోమను పెట్టొచ్చు. మన దేశంలో 2016లో తమిళనాడులో కనిపించి ఇక్కడిదాకా వచ్చింది. ఆ దోమను చంపే ఇసారియా అనే ఫంగస్‌ను అంబాజీపేట శాస్త్రవేత్తలు రైతులకు పరిచయం చేశారు. ఒక్క తోటలో రసాయనం కొడితే మిత్రపురుగులు చస్తాయి, పక్క తోట నుంచి దోమ మళ్లీ వస్తుంది. కాబట్టి చుట్టుపక్కల తోటలవాళ్లందరినీ ముందురోజే ఇంటింటికీ వెళ్లి పిలవాలి. దోమ వల్ల మసి పట్టిన ఆకు ఒకటి కోసి తెమ్మనాలి.